నీలికన్ను, పెళుసుటెముక, చెవుడు

మా హొళగుంద ప్రాంతమున విజయదశమి రాత్రి దేవరగట్టున కఱ్ఱల సమరము జరుగును. అచ్చట చేయి విఱిగిన నెవ్వరును వింతపడరు, దెబ్బ యట్టిది. అరుగుమీదినుండి జారినంతనే ఎముక విఱుగు బిడ్డ సంగతి వేఱు. కట్టు కట్టిన నది యతుకును. ఆ బిడ్డయే పెద్దయైన పిదప, ఇరువది ముప్పది యేండ్ల ప్రాయమున, చెవులు మందగించుట కలదు. అప్పటికి పాత కట్టు నెవరు తలంతురు? ఈ రెండును ఒక్క వ్యాధియేయని తెలిసిన చరిత్రను శ్రోతలకు మనవిచేసెదను.

1788లో స్వీడను దేశమందలి ఉప్సాలాలో ఎక్‌మన్ అనునతడు ఒక కుటుంబమున మూడు తరములు వచ్చిన పెళుసుటెముకలను వర్ణించెను. 1918లో హాలండు దేశీయులు వాన్ డెర్ హూవ్, డి క్లైన్ అనువారు నీలికన్ను, పెళుసుటెముక, చెవుడు, ఈ మూటిని ఒక్కచోట చేర్చి ప్రకటించిరి. మొదటివాడు కంటివైద్యుడు, రెండవవాడు చెవివైద్యుడు. ఇది కాకతాళీయమని నాకు తోచదు. ఎవరి యవయవమును వారే చూచుకొన్నంతకాలము ఈ చుట్టఱికము కనబడుట కష్టము.

మూలమెక్కడ? దేహమును కట్టియుంచు సంయోజక కణజాలమునకు ముఖ్యద్రవ్యము కొల్లాజెన్. అది మూడు పేటలు పెనవేసిన త్రాడువంటిదని 1954లో మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. ఒక పేట చెడిన త్రాడెట్లగునో ఆదోని ప్రత్తి నెఱిగినవారికి చెప్పనేల! ఆ త్రాడే ఎముకలోను, కంటి తెలుపులోను ఉన్నది. తెలుపు పలుచనైనపుడు దాని వెనుకటి పొర నీలముగ కనబడును.

చెవిలో అంకవన్నె, అనగా రౌతు కాలుంచు రికాబు, ఆకారముగల ఎముక యొకటి కలదు. ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు; దేహమున దానికంటె చిన్న యెముక లేదు. ధ్వనిని లోపలి చెవి కందించునది యదియే. ఈ వ్యాధియందు దాని సన్నని కాళ్లు విఱుగవచ్చును, లేదా పాదము బిగిసిపోవచ్చును. కొందఱికి లోపలి చెవియు చెడును. 1956లో అమెరికాలో జాన్ షే బిగిసిన అంకవన్నెను తీసి కృత్రిమమైనదానిని అమర్చెను. పెళుసుటెముకలవారికిని ఈ చికిత్స చేయుదురు గాని, మిక్కిలి చేయితిరిగిన వైద్యుడు కావలెను. శ్రవణయంత్రమును పెక్కుమందికి తోడ్పడును.

ఇంటిలో ఇట్టి బిడ్డ పుట్టిన మేనఱికమును తప్పుపట్టుదురు; లేదా కోడలిని. వ్యాధి అధికభాగము మేనఱికముతో పనిలేనిది. తల్లిదండ్రులలో ఒక్కరికున్న చాలును, ప్రతి బిడ్డకును సగముపాలు అవకాశము కలదు. ఇరువురికిని లేకున్నను క్రొత్తగ పుట్టవచ్చును. రక్తసంబంధమువలన హెచ్చు రకములు కొన్ని లేకపోలేదు, అవి అరుదు. కట్టు కట్టించుటకు బిడ్డను ఆదోనికి తీసికొనిపోవువారు కనుల రంగును, ఇంటి పెద్దల చెవుడును వైద్యునికి చెప్పవలెను. బిడ్డ బాగుగ వినుచున్నను, ఏండ్లు గడచినకొలది చెవులను మరల మరల పరీక్షింపించుచుండవలెను.