కౌన్సిల్ బల్ల మీదికి వచ్చిన ఊరు

విశాఖపట్నంలో పురపాలన 1858లో ఒక స్వచ్ఛంద సంఘంగా మొదలైంది. అప్పటికి అమల్లో ఉన్న 1850 నాటి చట్టం ఊరివాళ్ల ఇష్టాన్నిబట్టి నడిచేది. కావాలనుకుంటే తమ మీద తామే పన్ను వేసుకోవచ్చు, ఆ డబ్బుతో వీధులు బాగుచేయించుకోవచ్చు, దీపాలు పెట్టించుకోవచ్చు. మూడేళ్లకు, 1861లో, భీమిలి కూడా అదే దారి పట్టింది. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం తెచ్చాక ఈ సంఘాలు మునిసిపాలిటీలయ్యాయి. ఆ తరవాతి తేదీలు మనలో చాలామందికి తెలిసినవే. 1979లో కార్పొరేషన్ వచ్చింది. 1981లో తొలి ఎన్నికలు జరిగి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మేయరయ్యారు. 2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీ, మరో 32 గ్రామాలు కలిసి మహా విశాఖ అయింది. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా వచ్చి చేరాయి.

తేదీలు అలా ఉంచుదాం. నగరపాలక సంస్థ అసలు చరిత్ర దాని తీర్మానాల్లో ఉంటుందని నా నమ్మకం. బండి ఎక్కడ ఆపాలి, కొండవాలున ఇల్లు నిలవాలా వద్దా, ఇసుక తీరాన ఎవరికి చోటు, రోడ్డు దాటే మనిషికి ఎంత సందు వదలాలి. కౌన్సిల్ సమావేశంలో జీరో అవర్ అంతా ఇవే ప్రశ్నలు. పైకి చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఒక కుటుంబం ఈ ఊళ్లో ఎలా బతుకుతుందో తేల్చేవి ఇవే. వీటిని అందరి ముందూ బల్ల మీద పెట్టి వాదించడానికే కౌన్సిల్ ఉన్నది.

కార్లు నిలిపే చోటు గురించి రాజ్యాంగంలో ఉందంటే చాలామంది నమ్మరు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చింది. అందులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులు పద్దెనిమిది. పదిహేడో పద్దు వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ప్రజా మరుగుదొడ్లు. అంటే జగదాంబ జంక్షన్లో బండి పెట్టే చోటు దొరకక తిరిగే మనిషి గోడు స్థానిక స్వపరిపాలనలో భాగమేనని రాజ్యాంగమే ఒప్పుకుంది. ఆ జంక్షన్‌కు పేరిచ్చిన జగదాంబ థియేటరు 1970లో వచ్చినప్పుడు అక్కడికి జనం సైకిళ్ల మీద, రిక్షాల్లో, బస్సుల్లో వచ్చేవారు. ఇప్పుడు అదే చోట కార్పొరేషన్ యంత్రాల మీద నడిచే బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టాల్సి వచ్చింది. కట్టడం మంచిదే. అయితే ప్లానులో పార్కింగ్ అని చూపించి సెల్లార్లను దుకాణాలుగా మార్చుకున్న భవనాల సంగతి తేలకుండా ఎన్ని అంతస్తులు లేపినా రోడ్డు మీది బండ్లు తగ్గవు. ఆ సెల్లారు అద్దె ఒకరి జేబులోకి పోతుంది. దాని ఖరీదు ఫుట్‌పాత్ పోగొట్టుకున్న ముసలివాళ్లు, బడిపిల్లలు చెల్లిస్తున్నారు.

ఇళ్ల సంగతికి వస్తే ఈ ఊరు మిగతా ఊళ్లలా పరుచుకోలేదు. ఒక పక్క సముద్రం, మిగిలిన పక్కల కొండలు. 1933లో రేవు తెరుచుకున్నాక, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక పనికోసం వచ్చిన జనానికి చదును నేల అందుబాటు ధరలో దొరకలేదు. కొండవాలే వాళ్ల దిక్కయింది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ల నిర్వాసితుల్లో చాలామంది పునరావాసం కోసం ఇచ్చిన ఆర్ కార్డులు పట్టుకుని గాజువాక పరిసరాల్లో కొత్తగా బతుకు మొదలుపెట్టారు. నగరం పెద్దదైంది వీళ్ల చెమటతోనే. వీళ్ల ఇళ్లను మాత్రం చాలాకాలం ఆక్రమణ కిందే లెక్కగట్టారు.

అందుకే 1988 నుంచి 1996 దాకా బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో కార్పొరేషన్ నడిపిన మురికివాడల అభివృద్ధి పథకాన్ని ఈ సంస్థ చరిత్రలో పెద్ద మలుపుగా చూస్తాను. ఆ పథకం పేదలను ఎత్తి ఊరి చివర పడేయలేదు. ఉన్నచోటనే నడకదారి, మెట్లు, కాలువలు, వీధిదీపాలు, కమ్యూనిటీ హాలు ఇచ్చింది. వాటితోపాటు పిల్లల చదువునూ ఆరోగ్యాన్నీ పట్టించుకుంది. కొండ మీది ఇంటికి సిమెంటు మెట్లు వేయడమంటే ఏమిటో వానాకాలంలో నెత్తిన బిందెతో జారుడు మట్టి మీద ఎక్కిన ఆడవాళ్లను అడగాలి. తరవాత కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద, ఇంకా తరవాత ఇతర పథకాల కింద వేలాది ఫ్లాట్లు లేచాయి. వాటిలో చాలా కాలనీలు పనిచోటికి దూరం. బస్సు ఛార్జీకే కూలిలో కొంత పోయే చోట ఇల్లిచ్చి సమస్య తీరిందనుకోవడం సరికాదు.

ఇక తీరం. పన్నెండో షెడ్యూలులో తీరం అన్న మాటే లేదు. విశాఖ కార్పొరేషన్‌కు వచ్చిన చిక్కంతా అక్కడే మొదలు. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి రావాల్సిన ఆ ఇసుకను రేవు అడ్డుగోడలు ఆపేస్తాయి. 1976లో ఔటర్ హార్బరు వచ్చాక ఇది మరీ పెరిగింది. అందుకే పోర్టువాళ్లు తవ్వితీసిన ఇసుకను మళ్లీ కోస్టల్ బ్యాటరీ వైపు తీరానికి పోస్తుంటారు. పోయడం తగ్గిన ఏడు ఆర్కే బీచ్ సన్నబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఆ కోత ఎంత దగ్గరికొచ్చిందో నగరమంతా కళ్లారా చూసింది.

ఆ ఇసుక మీద ఎందరి మాట చెల్లుతుందో చూడండి. ఇసుక పోసేది పోర్టు. కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్ని చూసుకునేది ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. రుషికొండ బీచ్‌కు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ గుర్తింపు బాధ్యత పర్యాటక శాఖది. 2025 మొదట్లో ఆ జెండా కొన్నాళ్లు దిగి మళ్లీ ఎగిరింది. కట్టడాలకు అడ్డు చెప్పేది తీర క్రమబద్ధీకరణ నిబంధనలు. రద్దీని ఆపేది పోలీసులు. కార్పొరేషన్‌కు దక్కింది చీపురు, చెత్తబండి, గెడ్డలు. గెడ్డల్ని తేలిగ్గా చూడకూడదు. ఊరి మురుగు సముద్రంలో కలిసేది వాటి గుండానే. గెడ్డ శుభ్రంగా లేకపోతే పైన ఎన్ని రంగుల దీపాలు పెట్టినా స్నానానికి దిగిన పిల్లవాడి ఒంటికి దద్దుర్లే మిగులుతాయి. ఇక పెదజాలరిపేటలో పడవలు లాక్కుని వలలు ఆరబెట్టుకునేవాళ్లు ఏ పర్యాటక ప్రణాళికకన్నా ముందు నుంచీ అక్కడే ఉన్నారు. తీరం అందంగా ఉండాలన్న తీర్మానాలు వచ్చినప్పుడల్లా వాళ్ల వార్డు కార్పొరేటరు లేచి నిలబడి మాట్లాడగలగాలి.

బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేసే పద్ధతి నాకెంతో ఇష్టమైన నిర్ణయం. డబ్బు ఖర్చులేదు, శిలాఫలకం లేదు. గుండె ఆపరేషనైన పెద్దాయన, సైకిలు నేర్చుకునే పిల్ల ఒకే దారిలో భయం లేకుండా పోగలుగుతున్నారు. రోడ్డు భద్రతలో ఈ ఊరు సాధించిన మరో మంచి పని హుద్‌హుద్ చీకట్లోంచే వచ్చింది. స్తంభాలు కూలిపోయిన నగరంలో కొద్ది నెలల్లోనే 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధిదీపాలు వెలిగాయి. దేశంలో అంత పెద్ద ఎత్తున ఆ పని చేసిన తొలి నగరాల్లో మనదొకటి. బీఆర్‌టీఎస్ కథ అంత సజావుగా సాగలేదు. పెందుర్తి, సింహాచలం మార్గాల్లో రోడ్డు మధ్య బస్సులకు ప్రత్యేక వరసలు వేశారు. సింహాచలం వైపు పని ఏళ్ల తరబడి ఆగి సాగింది. ప్రయాణికుడు రోడ్డు నడిమికి వెళ్లి బస్సెక్కాలంటే ముందు ఆ రోడ్డు దాటడం క్షేమంగా ఉండాలి. ఆ ఏర్పాటుకు తగినంత శ్రద్ధ దక్కలేదన్నది నా అభిప్రాయం.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటుంది. 2007లో 72 వార్డులకు ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరింది. తరవాతి ఎన్నిక 2021 మార్చిలో, 98 వార్డులకు జరిగింది. నడుమ తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలన. గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243యు అధికరణలో స్పష్టంగా చెప్పినా ఇలా జరిగింది. ఆ తొమ్మిదేళ్లలోనే హుద్‌హుద్ వచ్చింది, స్మార్ట్ సిటీ తొలి జాబితాలో మన పేరు వచ్చింది, భీమిలి తన సొంత కౌన్సిల్‌ను వదులుకుని ఇందులో కలిసింది. అధికారులు కష్టపడి పనిచేశారు. హుద్‌హుద్ తరవాతి రోజుల్లో వాళ్ల సేవను ఎవరూ కాదనలేరు. కానీ ఒక్క వార్డు సభ్యుడు కూడా లేచి “మా వీధి సంగతేంటి?” అని అడగకుండానే తీరం గురించి, ఇళ్ల గురించి, రోడ్ల గురించి ఫైళ్లు కదిలిపోయాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరంలో 17.28 లక్షల మంది. 72 వార్డులకు పంచితే సగటున 24 వేల మందికి ఒక కార్పొరేటరు. ఆ ఒక్క మనిషి కూడా లేని తొమ్మిదేళ్లవి.

భీమిలివాళ్ల బాధ ఇంకా వేరు. నూటయాభై ఏళ్లు తమ ఊరి వీధుల గురించి తామే తేల్చుకున్నవాళ్లు ఇప్పుడు ఒక జోన్. అక్కడి వీధిలో స్పీడు బ్రేకరు కావాలన్నా, తీరాన తోపుడుబండికి చోటు కావాలన్నా నగరం నడిబొడ్డున జరిగే సమావేశంలో వంతు రావాలి. వార్డు కమిటీలు నిజంగా కూర్చుంటే, భీమిలి తీరం మీద భీమిలిలోనే చర్చ జరిగితే ఆ దూరం కొంత తగ్గుతుంది.

2021లో కొలువుదీరిన కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకా. ఏ కౌన్సిల్ గడువు తీరినా ఒక్క నెల కూడా బల్ల ఖాళీగా ఉండకూడదని ఈ ఊరివాళ్లం గట్టిగా అడగాలి. దాంతోపాటు విశాఖ, భీమిలి, గాజువాక, అనకాపల్లి కౌన్సిళ్ల పాత మినిట్సు పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా వచ్చి చదువుకునేలా తెన్నేటి భవన్‌లో ఒక గది ఇవ్వాలి. ఏ తీర్మానానికి ఎవరు చెయ్యెత్తారో మన పిల్లలకు తెలియాలి.