రాని బస్సు

2009 జనవరి. తెల్లవారుజాము నాలుగున్నర. దుబాయ్ శివారులోని సోనాపూర్‌లో ఒక లేబర్ క్యాంపు గేటు ముందు వంద మంది దాకా నిలబడ్డారు. చలికి చెవుల మీదుగా రుమాళ్లు కట్టుకున్నారు. ప్రతి చేతిలో ఒక స్టీలు క్యారియర్. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పు, మూత మీద ఎర్ర రంగుతో రూము నంబరు. వాటిలో ఒకటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మనిషిది.

బస్సు రాలేదు. ఏడింటికి పొద్దు పొడిచింది. క్యాంపు బాస్ వచ్చి, ఈ రోజు పని లేదు, రూములకు పొమ్మన్నాడు. సైటు మీద తినాల్సిన ఆ అన్నాన్ని అతను పదకొండు గంటలకు మంచం మీద కూచుని తిన్నాడు. పక్క మంచం మీది జగిత్యాల పెద్దాయనకు ఇట్లాంటివి కొత్త కాదు.

"తమ్మీ, మొదలు ఓవర్‌టైం పోతది. అటెంక బస్సు బందైతది. ఆఖరుకు మెస్సు. మెస్సు బందైందంటే మనం ఇంటికి పోయినట్టే."

ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఆ ఏడు పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు తిరిగొచ్చిన ఎందరో పడ్డ బాధలను ఒక మనిషి చుట్టూ అల్లిన కథ ఇది. మాటలు, సన్నివేశాలు కల్పన. కష్టం మాత్రం నిజం.

అతను విమానం ఎక్కింది 2008 ఏప్రిల్‌లో, షట్టరింగ్ హెల్పర్‌గా. జైనూర్‌లో కౌలుకు పత్తి పెట్టేవాడు. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి 1/70 చట్టం కింద గిరిజనేతరుడికి భూమి పట్టా కాదు. ఆదివాసుల భూమి చేజారకుండా కాపాడే ఆ చట్టం న్యాయమైనది, ఉండి తీరాలి. కాకపోతే తాకట్టు పెట్టడానికి ఇతని చేతిలో కాగితం లేదు. భార్య పుస్తెలతాడు కుదువబెట్టి, మిగతాది నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి, మొత్తం 80 వేలు ఏజెంటు చేతిలో పోశాడు. అసలు తీరేదాకా నెలకు రెండు వేల పైనే మిత్తి. అక్కడ బేసిక్ 600 దిర్హాములు. ఓవర్‌టైం ఉంటేనే ఇంటికి నాలుగు రాళ్లు పంపగలిగేది.

అతను వెళ్లిన మూడు నెలలకు చమురు పీపా 147 డాలర్లు తాకింది. సెప్టెంబర్ 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది. బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి, అప్పుల మీద లేస్తున్న దుబాయ్ టవర్లు ఎక్కడివక్కడ ఆగాయి. తాటిచెట్టు ఆకారంలో దీవులు కట్టిన నఖీల్ సంస్థ నవంబర్ చివర 500 మందిని తీసేసింది, కిలోమీటరు ఎత్తున కడతామన్న టవర్‌ను జనవరిలో ఆపేసింది. పేపర్లకెక్కింది ఆఫీసు ఉద్యోగాల లెక్క. కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టరు, అతని కింద ఉన్న హెల్పర్ ఆ లెక్కలోకి రాడు.

నన్ను బాగా కలచివేసేది ఈ లెక్కే. మాంద్యం వస్తే ఏ దేశంలోనైనా నిరుద్యోగుల సంఖ్య పెరగాలి. గల్ఫ్‌లో వలసకూలీ నిరుద్యోగి కావడానికే వీలుండదు. అతను ఆ దేశంలో ఉండే హక్కు కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో ముడిపడి ఉంటుంది. వీసా క్యాన్సల్ అయితే అప్పట్లో 30 రోజుల గడువు, ఆ తర్వాత ఉంటే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. అమెరికాలో హెచ్-1బి మీదున్న మన పిల్లలకు ఇప్పుడు 60 రోజులు. జీతాలకు పోలికే లేదు, మెడ మీది కత్తి మాత్రం ఒకటే. ఇట్లా ఆ దేశపు మాంద్యం విమానమెక్కి జైనూర్‌కు వస్తుంది, మిత్తిగా మారి ఇంట్లో కూచుంటుంది.

ఫిబ్రవరిలో మెస్సు బందైంది. రెండు నెలల జీతం బాకీ. అతను ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ నెల పైసలు జర లేటైతయే."

"లేటైతే కానియ్ బిడ్డా. నువ్వైతే తింటున్నవా?"

"తింటున్న."

రూపాయి పడిపోయి, అతను వెళ్లినప్పుడు పదకొండు రూపాయలు ఉన్న దిర్హాము పదమూడు దాటిన రోజులవి. పని నిలబడ్డవాళ్ల ఇళ్లకు ఎక్కువ పైసలు చేరాయి. ఇతని దగ్గర మార్చుకోవడానికి దిర్హామే లేదు.

కంపెనీ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. లాంగ్ లీవ్, పని మొదలుకాగానే పిలుస్తాం అన్నారు. అందులో ఏం రాసి ఉందో అతనికి చదివి చెప్పినవాళ్లు లేరు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుటీ రావాలంటే ఏడాది సర్వీసు నిండాలి. అతనికి ఇంకో నెల తక్కువైంది.

మార్చిలో శంషాబాద్‌లో దిగి, నిర్మల్, ఉట్నూర్ మీదుగా ఊరు చేరాడు. దారి పొడుగునా అడవిలో మోదుగు పూలు. బస్టాండులో ఎవరో, "ఎప్పుడొచ్చినవే? మళ్ల ఎప్పుడు పోతవ్?" అన్నారు. "సెలవు మీద వచ్చిన. రెండు నెలలల్ల పోత" అన్నాడు. భార్యకు నిజం తెలుసు. అడగలేదు.

ఏడేళ్ల తర్వాత ఇదే కథ సౌదీలో పెద్దగా జరిగింది. 2016 మొదట్లో చమురు 30 డాలర్ల కిందికి పడింది, సౌదీ ఓజర్ కంపెనీ క్యాంపుల్లో నెలల తరబడి జీతాల్లేవు, చివరికి తిండీ లేదు. జులై ఆఖరులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఎంబసీ ద్వారా అన్నం పంపించారు, సహాయ మంత్రి వి.కె. సింగ్ జెడ్డా వెళ్లారు. మనుషులు తిరిగొచ్చారు, బకాయిలు అక్కడే ఉండిపోయాయి. మరుసటి ఏడు ఆ కంపెనీయే మూతపడింది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. బతికి వచ్చినవాడికి రావాల్సిన జీతం సంగతీ అంతే గట్టిగా పట్టాలి. విమానం ఎక్కించే ముందే అతని బాకీ కాగితం మీదికి ఎక్కాలి, అడిగే అధికారం ఎంబసీకి రాసివ్వాలి. టికెట్ ఒక్కటే కొనిచ్చి ఇంటికి తోలడం కంపెనీ మీది అప్పు మాఫీ చేసినట్టే అవుతుంది.

మళ్లీ జైనూర్‌కు వస్తే, 2009 ఏప్రిల్‌లో అతనికి కంపెనీ నుంచి ఫోన్ రాలేదు. మేలోనూ రాలేదు. ఉపాధి హామీ కింద చెరువు పూడిక తీస్తున్నారు. ఊళ్లో దాన్ని కరువు పని అంటారు. అతను గడ్డపార భుజాన వేసుకుని పోయాడు. చేతిలో దుబాయ్ నుంచి తెచ్చిన ఆ క్యారియరే.

సాయంత్రం భార్య దాన్ని వాకిట్లో పెట్టుకుని బూడిదతో తోమింది. మూత మీది ఎర్ర నంబరును బొటనవేలితో గట్టిగా రుద్దింది. పోలేదు. కడిగి, బోర్లించింది.