వెళ్ళగొట్టే ముందు ఒక మాట

కిందటి నెల మన సంఘం భోజనాల దగ్గర ఒక మిత్రుడు మమ్మల్ని పక్కకి పిలిచి, జేబులోంచి ఒక ఉత్తరం తీసి చూపించేడు. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న కొడుక్కి డీను ఆఫీసు నుంచి వచ్చినది. హాస్టల్లో జరిగిన ఏదో గొడవలో కుర్రాడి పేరు ఉంది, ఫలానా రోజున వచ్చి సంజాయిషీ చెప్పుకోమని దాని సారాంశం. "తప్పయిపోయింది, క్షమించమని రాసిచ్చెయ్యరా అన్నాను. పెద్దవాళ్ళతో మనకెందుకు?" అన్నాడు తండ్రి. మేమైనా మొదట ఆ మాటే అని ఉండేవాళ్ళం. ఇంటికి వచ్చేక తీరిగ్గా ఆలోచిస్తే, ఆ ఉత్తరంలో "వచ్చి చెప్పుకో" అన్న ఒక్క వాక్యం వెనక ఎంత కథ ఉందో జ్ఞాపకం వచ్చింది. ఆ కథే ఇక్కడ చెప్పదలుచుకున్నాం.

మన దేశంలో కాలేజీ నుంచి పంపించెయ్యడం అంటే టి.సి. చేతిలో పెట్టడమే. ప్రిన్సిపాలు గారు రమ్మంటున్నారని ప్యూను వచ్చి చెబుతాడు. ఆపైన తండ్రి గుమ్మం బయట నిలబడి బతిమాలుకుంటాడు. దయ కలిగితే సరే, లేకపోతే లేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చిన తరువాత, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద కళాశాల అధికారులు విరుచుకు పడ్డారు. ట్రెయినింగ్ కాలేజీలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడితో ఆగింది. 1938 చివర హైదరాబాదులో ఉస్మానియా హాస్టలు పిల్లలు ప్రార్థనలో వందేమాతరం పాడితే, పాడకూడదన్నారు; మానమంటే మానక సమ్మె కట్టినవాళ్ళని వందల సంఖ్యలో వెళ్ళగొట్టేరు. వాళ్ళలో చాలామందిని నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది గనక చదువులు నిలిచేయి. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆ ఉద్యమం మూలంగానే నాగపూరు చేరేరు. వీళ్ళని కాపాడినది చట్టం కాదు, పక్క రాజ్యంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం పెద్దమనసు.

అమెరికాలో మొదటినుంచీ న్యాయం ఉందని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడి కోర్టులు కూడా కాలేజీ అంటే తల్లిదండ్రుల స్థానంలో ఉన్నది, అది చెప్పిందే వేదం అనేవి. కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ తన విద్యార్థులు ఊళ్ళో బయటి హోటళ్ళలో తినరాదని నిబంధన పెడితే, బేరం పోయిన హోటలు యజమాని దావా వేసేడు. 1913లో కోర్టు కాలేజీ పక్షమే పలికింది. 1928లో న్యూయార్కు రాష్ట్రంలో ఇంకా చిత్రం జరిగింది. సిరక్యూస్ విశ్వవిద్యాలయం ఒక అమ్మాయిని, మా కాలేజీ ఆడపిల్లకి ఉండవలసిన తీరు ఈమెకి లేదంటూ పంపించేసింది. ఏం తప్పు చేసిందో చెప్పలేదు. చెప్పనక్కర లేదంది కోర్టు.

ఈ పద్ధతి మారినది అలబామా రాష్ట్రపు రాజధాని మాంట్‌గోమరీలో. 1960 ఫిబ్రవరి 25న అలబామా స్టేట్ కాలేజీ విద్యార్థులు 29 మంది, అందరూ నల్లజాతివారే, కౌంటీ కోర్టు భవనం కింది అంతస్తులో ఉన్న ఫలహారశాలకి వెళ్ళి తినడానికి ఏమైనా పెట్టమన్నారు. అది ప్రభుత్వ స్థలం. అందులో తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డన. పెట్టమన్నారు, ఆ తరువాత ఫలహారశాలనే మూసేసేరు. గవర్నరు జాన్ పాటర్సన్ రాష్ట్ర విద్యా మండలికి కూడా అధ్యక్షుడే. విచారించి, వెళ్ళగొట్టే సంగతి ఆలోచించమని కాలేజీ అధ్యక్షుడు ట్రెన్‌హోమ్‌కి చెప్పేడు. ట్రెన్‌హోమ్ కూడా నల్లజాతివాడే. జీతాలూ గ్రాంట్లూ గవర్నరు చేతిలో. ఆయన స్థితిలో ఉంటే మనం ఏం చేసేవాళ్ళమో అనుకోకుండా ఉండలేకపోయాం. మార్చి 1న ఆరు వందల మంది దాకా విద్యార్థులు రాష్ట్ర శాసనసభ భవనం మెట్ల మీద చేరి ప్రార్థన చేసేరు. మర్నాడు మండలి సమావేశమై తొమ్మండుగురిని కాలేజీ నుంచి తొలగించింది, ఇరవై మందిని ప్రొబేషను మీద ఉంచింది. ఆ తొమ్మండుగురికీ ఉత్తరాలు వెళ్ళేయి. ఫలానా నేరానికి అని వాటిలో లేదు. పిలిచి అడిగినవాళ్ళూ లేరు.

వాళ్ళలో సెయింట్ జాన్ డిక్సన్ మొదలైనవాళ్ళు ఫెడరల్ కోర్టుకి వెళ్ళేరు. వాదించినవారిలో ఫ్రెడ్ గ్రే ఒకడు. ఆయన ఆ కాలేజీలోనే చదువుకున్నవాడు, మాంట్‌గోమరీ బస్సుల కేసు నడిపినవాడు. విచారణలో తేలినది వినండి. ఎందుకు వెళ్ళగొట్టేరయ్యా అని అడిగితే మండలి సభ్యులు ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పేరు. ఒకాయన ఫలహారశాలలో తినడానికి అడిగినందుకు అన్నాడు, ఇంకొకాయన కాలేజీ నియమాలు తప్పినందుకు అన్నాడు. ఓటు వేసినవాళ్ళకే నేరం ఏమిటో ఒక్క మాట మీద లేదు! అయినా జడ్జి ఫ్రాంక్ జాన్సన్ 1960 ఆగస్టులో విద్యార్థులకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చేడు. 1956లో బస్సులలో వేరు సీట్ల పద్ధతి చెల్లదన్న జడ్జీలలో ఆయనా ఒకడు. అటువంటివాడికే కాలేజీ అనేసరికి పాత భావం వదలలేదు.

ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 1961 ఆగస్టు 4న ఆ తీర్పుని కొట్టేసింది. ముగ్గురిలో ఇద్దరు ఒక వైపు. తీర్పు రాసిన రిచర్డ్ రైవ్స్ మాంట్‌గోమరీ వాడే. జేబుదొంగకి మనం ఇచ్చే రక్షణ ప్రభుత్వ విద్యాలయంలో చదివే విద్యార్థికి లేకపోవడమేమిటని ప్రొఫెసర్ వారెన్ సీవీ 1957లో ఆశ్చర్యపోతూ రాసిన వ్యాసాన్ని కోర్టు ఉదహరించింది. పంపించే ముందు నేరం ఏమిటో స్పష్టంగా తెలియజెయ్యాలి. సాక్షులెవరో, వాళ్ళేమన్నారో చెప్పాలి. విద్యార్థి తన కథ తాను చెప్పుకుని, తన సాక్షులని తెచ్చుకోవడానికి వీలుండాలి. కోర్టులో లాగ పూర్తి విచారణ అక్కరలేదు గాని, రెండు పక్షాలూ వినకుండా వెళ్ళగొట్టడానికి వీల్లేదు. పై కోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు. 1975లో సుప్రీం కోర్టు, బడి నుంచి పది రోజుల లోపు సస్పెండు చేసినా ముందు ఒక మాట వినవలసిందే అంది.

దీనికి హద్దులు లేకపోలేదు. ఇది ప్రభుత్వ కళాశాలల మాట. ప్రైవేటు కళాశాలలో రాజ్యాంగం కాక, వాళ్ళు అచ్చువేసి ఇచ్చిన నియమాల పుస్తకమే ఆధారం. అందుకే చేరిన రోజున మూలకి పడేసిన ఆ పుస్తకం తీసి చదవమని పిల్లలకి చెబుతున్నాం. రెండోది మన వైద్యులకి సంబంధించినది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిని ఒకామె పరీక్షలలో బాగానే రాసింది గాని, వార్డులలో ఆమె పని తృప్తికరంగా లేదని తొలగించేరు. తొలగించే ముందు ఏడుగురు డాక్టర్ల చేత విడివిడిగా పరీక్ష చేయించేరు. ఇద్దరు డిగ్రీ ఇవ్వమన్నారు, ఇద్దరు వెంటనే తొలగించమన్నారు, ముగ్గురు మధ్యస్థంగా ఇంకొంతకాలం చూడమన్నారు. 1978లో సుప్రీం కోర్టు, చదువుకి సంబంధించిన నిర్ణయాలకి విచారణ జరపనక్కరలేదంది. నడవడి వేరు, చదువు వేరు అన్నమాట. రెసిడెంట్ల గురించి మూల్యాంకన కాగితాలు రాసే మనవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది. ఒకడి పని నచ్చలేదో, ధోరణి నచ్చలేదో ముందు మనకి తెలియాలి కదా.

మా మిత్రుడికి ఇదంతా చెప్పేం. తప్పయిపోయిందని రాసిచ్చిన కాగితం ఈ దేశంలో వినయం కింద లెక్కకి రాదు, ఒప్పుకోలు కింద వస్తుంది. చేసిన తప్పు ఒప్పుకోవలసిందే; చెయ్యనిది మాత్రం పెద్దరికానికి భయపడి ఒప్పుకోకూడదు. ఇండియా నుంచి విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకైతే కాలేజీలో పేరు కొట్టేస్తే దేశంలో ఉండే హక్కే పోతుంది. కుర్రాడు ఆరోపణ వివరాలు రాతమూలకంగా అడిగి, ఆ రాత్రి తన గదిలో ఉన్న ఇద్దరు స్నేహితులని తీసుకుని వెళ్ళేడు. ఒక సెమిస్టరు ప్రొబేషనుతో సరిపోయింది. చేసిన అల్లరికి అది న్యాయమే అని వాడే అన్నాడు.

మాంట్‌గోమరీ తొమ్మండుగురి సంగతి. కోర్టులో గెలిచేరు గాని, కాలేజీ రికార్డులో వెళ్ళగొట్టిన మాట అలాగే ఉండిపోయింది. అలబామా విద్యాశాఖ దానిని కొట్టేసినది 2018లో. ఆ తొమ్మండుగురిలో ఒకడైన బెర్నార్డ్ లీ, మార్టిన్ లూథర్ కింగ్ వెంట ఏళ్ళ తరబడి తిరిగినవాడు, 1991లోనే పోయేడు.