చెరుకు తోటల్లో ఆ నల్లరాళ్ళ గుట్టలు ఎవరు పేర్చారు?

మారిషస్‌కి కొత్తగా పనికొచ్చిన మనవాళ్ళు అందరూ అడిగే మాట ఒకటుంది. చెరుకు తోటల మధ్యలో ఆ నల్లరాళ్ళ గుట్టలేంటి, ఏదైనా గుడి కట్టబోయి వదిలేశారా అని. కాదు. అవి నేల చదును చేసినప్పుడు ఏరి పోసిన రాళ్ళు. మన సైట్ భాషలో చెప్పాలంటే క్లియరింగ్ పని.

ఈ దీవి అగ్నిపర్వతం వల్ల పుట్టింది. చాలాచోట్ల పైన కొంచెం మట్టి, కిందంతా రాయే. ఒకప్పుడు దట్టమైన అడవి. 1600లలో డచ్చివాళ్ళు ఎబొనీ చెట్లు కొట్టారు, 1639లో చెరుకు తెచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి, వాళ్ళ చేత అడవి నరికించారు, మోళ్ళు పీకించారు, రాళ్ళు మోయించారు. మొదటి రాళ్ళు ఎత్తింది వాళ్ళే. మనం మన గొప్ప చెప్పుకునేటప్పుడు ఆ మాట దాచకూడదు.

1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. తోటలకి మళ్ళీ కూలీలు కావాలి కదా. అంతకు ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో 36 మందిని కలకత్తా నుంచి తెచ్చారు. ఆ తర్వాత నాలుగున్నర లక్షల మంది దాకా వచ్చారు. మన తెలుగోళ్ళు చాలామంది కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కారు, అందుకే ఇక్కడ మనవాళ్ళకి కొరింగీలని పేరు పడింది. 1839 నవంబరు తుఫాను ఆ కోరంగిని ఊడ్చేసింది. అక్కడ రేవు పాడైపోయింది గానీ, ఇక్కడ పేరు నిలిచిపోయింది.

మొదట్లో అగ్రిమెంటు 5 ఏళ్ళు. మగవాళ్ళకి నెలకి 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దాన్ని డబుల్ కట్ అనేవారు. 1867 చట్టంతో, ఫొటో ఉన్న పాస్ జేబులో లేకుండా తిరిగితే పట్టుకునేవారు. గల్ఫ్‌లో ఉన్న మన తమ్ముళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక పని సంగతి. మోడు తియ్యాలంటే చుట్టూ గొయ్యి తవ్వాలి, పక్కవేళ్ళు గొడ్డలితో నరకాలి, తల్లివేరు తెగేదాకా దుంగ పెట్టి ఎత్తాలి. బండరాయి అయితే గునపం కింద చిన్నరాయి ఆనించి, నలుగురూ ఒకేసారి బలం వెయ్యాలి. ఒకడు జారితే ఇంకొకడి కాలు నలిగిపోతుంది. ఇప్పుడు ఎక్స్‌కవేటర్ గంటలో తీసేదానికి అప్పుడు రోజులు పట్టేవి. దూరం మోస్తే పొద్దు చాలదు, అందుకే తోటలోనే వరసలుగా, గుట్టలుగా పేర్చారు. రాళ్ళు బాగా పడ్డ చోట వరసల మధ్యలోనే చెరుకు నాటారు.

1870ల తర్వాత చక్కెర ధర పడిపోతూ ఉంటే, దొరలు నాసి నేలలు ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది కూలీలుగా వచ్చినవాళ్ళే, వాళ్ళ పిల్లలే. చేతికొచ్చింది చాలావరకు రాళ్ళ నేల. అన్నాళ్ళూ దొర కోసం రాళ్ళు ఏరినవాళ్ళు అప్పుడు సొంత చెరుకు కోసం ఏరారు. రాయి బరువు అదే, కానీ ఈసారి పండేది వాళ్ళది. ఈ దేశంలో ఉగాదికి సెలవు ఇస్తున్నారంటే, దాని వెనక ఆ నేల కొని నిలబడ్డ కష్టం ఉంది.

ఓడలు దిగిన చోటు, పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మంచిదే. కానీ తోటల్లో గుట్టలకి కాపలా ఎవరున్నారు? చెరుకు నేలల్లో విల్లాలు, రోడ్లు వస్తున్నాయి. గుట్టల్ని బ్రేకర్‌తో పగలగొట్టి, క్రషర్‌కి పంపి, కంకర చేస్తున్నారు. ఆ మిషన్ల మీద ఉన్నది మనమే. మన వాళ్ళు పేర్చింది మన చేత్తోనే పోతోంది.

పని ఆపమని మనం చెప్పలేం, అది మన కూడు. చెయ్యగలిగింది ఒకటుంది. గుట్ట మీద బకెట్ పెట్టేముందు నాలుగు వైపులా ఫొటో తియ్యండి, ఊరి పేరు, తేదీ రాసి పెట్టండి. పాత పనిముట్టు, గోడ, సమాధి లాంటిది కనబడితే ఇంజనీరుకి చెప్పండి. కూలీల పేర్లు, ఫొటోలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వాళ్ళు చేసిన పని మాత్రం ఈ రాళ్ళలోనే ఉంది.