ఎస్‌టీ-12 పేరుతో రెండు డిస్కులు

మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోయింది. 1991 డిసెంబరు. నార్వే పడమటి తీరాన బెర్గెన్ ఊరు. బయట వాన, ఈ ఊళ్లో అదేమంత వార్త కాదు. నీకు పదిహేడేళ్లు. బడి నుంచి రాగానే తడి కోటు కుర్చీకి తగిలించి, బల్ల కింద చెయ్యి పెట్టి కరెంటు డబ్బా మీదున్న స్విచ్ వేశావు. అమిగా 500 కంప్యూటరుకు స్విచ్ ఉండేది అక్కడే. తెర తెల్లబడి, ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ వచ్చింది. డిస్కు ఇచ్చేదాకా ఖాళీ డ్రైవు ఉండుండి టిక్కుమంటూనే ఉంటుంది.

కీబోర్డు పక్కన ఇవాళ్టి పోస్టులో వచ్చిన కవరుంది. ఫిన్లండ్ మిత్రుడు పంపాడు. స్టాంపుల మీద జిగురు పూత మెరుస్తోంది. పోస్టాఫీసు ముద్ర ఆ పూత మీదే పడింది కాబట్టి, నీళ్లలో నానబెడితే ముద్ర ఊడిపోయి స్టాంపు మళ్లీ కొత్తదవుతుంది. "స్టాంపులు వెనక్కి పంపు" అని చీటీలో రాశాడు. డిస్కులు మార్చుకునే కుర్రాళ్లందరికీ తెలిసిన దొంగ తెలివే ఇది. కవరులో రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో అతని కొత్త పాట ఉంది. రెండోదాని లేబుల్ మీద నీలం పెన్నుతో రాశాడు: ఎస్‌టీ-12.

నీ డిస్కుల పెట్టెలో ఎస్‌టీ-12 ఇంతకుముందే ఉంది. తీసి పక్కపక్కన పెట్టి చూశావు. రెండింటికీ పేరొకటే గాని, లోపలి సరుకు వేరు.

ఈ నంబర్ల గొడవ నాలుగేళ్ల కిందట జర్మనీలో మొదలైంది. కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అనే ఆయన 1987లో అమిగా మీద పాటలు కట్టే 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' అనే ప్రోగ్రామ్ రాశాడు. దాంతోపాటు ఎస్‌టీ-01 పేరుతో ఒక శాంపిళ్ల డిస్కు వచ్చింది. తీగ వాయిద్యాలు, డ్రమ్ములు, బేస్ గిటార్లు, అన్నీ చిన్నచిన్న ధ్వని తునకలు. తర్వాత ఎవరికి దొరికిన శబ్దాలు వాళ్లు డిస్కులకెక్కించి ఎస్‌టీ-02, ఎస్‌టీ-03 అంటూ పెంచుకుంటూ పోయారు. ఏ నంబరు ఎవరిదో చెప్పే పెద్దమనిషి ఎవరూ లేరు. హెల్సింకీలో ఒక పన్నెండు, బెర్గెన్‌లో ఒక పన్నెండు పుట్టుకొచ్చాయంటే వింతేం లేదు.

పేరు కలిస్తే ఏం పోయింది అనుకోవడానికి లేదు. నువ్వు పాటలు కట్టే ప్రొట్రాకర్‌లో 'పీఎల్‌ఎస్‌టీ' అని ఒక చిట్టా ఉంటుంది. నీ దగ్గరున్న శాంపిళ్లన్నింటి పేర్లూ అందులో వరసగా ఉంటాయి. ధ్వని మాత్రం అందులో ఉండదు. ఒక్కో పద్దుకు 30 బైట్లు. పేరుకు 22 అక్షరాలు, మిగతా ఎనిమిది బైట్లలో నిడివి, శ్రుతి సవరణ, వాల్యూమ్, ఎక్కడి నుంచి ఎంత మేర తిప్పి వాయించాలో చెప్పే రెండు అంకెలు. పేరులో మొదటి ఆరక్షరాలూ 'ఎస్‌టీ-12:' లాంటి డిస్కు గుర్తుకే పోతాయి. శాంపిల్ పేరుకు మిగిలేది పదహారే. ఆ పద్దు మీద మౌస్ నొక్కగానే యంత్రం ఆ పేరున్న డిస్కు కోసం డ్రైవులన్నీ వెతుకుతుంది. దొరక్కపోతే ఫలానా డిస్కు ఏదో ఒక డ్రైవులో పెట్టమని తెర మీద చిన్న పెట్టె తెరుస్తుంది. దానికి పేరు కలిస్తే చాలు. అతని పన్నెండులోనూ స్నేర్3 అనే డ్రమ్ము శాంపిల్ ఉంది, నీ పన్నెండులోనూ స్నేర్3 ఉంది. పొరపాటున అతనిది పెట్టావంటే కిక్కురుమనకుండా తెచ్చి నీ పాటలో ఇంకెవరిదో డ్రమ్ము కూర్చోబెడుతుంది.

ఎవరి పేరు మార్చాలన్నది ముందు తేల్చుకోవాలి. నీ పాత పాటలన్నీ 'ఎస్‌టీ-12:' అనే రాసుకుని ఉన్నాయి. నీ డిస్కు పేరు ముట్టుకుంటే అవన్నీ దారి తప్పుతాయి. కాబట్టి కొత్తగా వచ్చిందే పేరు మార్చుకోవాలి. నీ పెట్టెలో ఆఖరి నంబరు 46. ఇది 47 అవుతుంది.

వర్క్‌బెంచ్ డిస్కుతో యంత్రాన్ని లేపావు. నీలం తెర, తెల్ల అక్షరాలు. అతని డిస్కు మూలనున్న చిన్న మీట జరిపి కన్నం మూసేశావు. అది తెరిచి ఉంటే డిస్కు మీద రాయనివ్వదు. బయటి డ్రైవులో పెట్టి, ఆజ్ఞలు టైపు చేసే సీఎల్‌ఐ కిటికీ తెరిచి 'రీలేబుల్ డీఎఫ్1: ఎస్‌టీ-47' అని కొట్టావు. డ్రైవు రెండు మూడుసార్లు గుర్రుమని ఆగింది. లేబుల్ మీద పన్నెండు కొట్టేసి పక్కన నలభై ఏడు వేశావు. అతని పాట తెరిచేటప్పుడు మాత్రం పాత పేరు కావాలి. అప్పుడు 'అసైన్' ఆజ్ఞతో ఎస్‌టీ-12 అంటే ప్రస్తుతానికి ఈ డిస్కే అని యంత్రానికి చెబితే సరిపోతుంది. హార్డ్‌డిస్కు కొనగలిగిన వాళ్లు చేసేదీ ఇదే. శాంపిళ్లన్నీ అరల్లోకి ఎక్కించి, ఒక్కో అరనూ ఒక్కో ఎస్‌టీ డిస్కుగా నమ్మిస్తారు. నీకు ఆ అదృష్టం లేదు. నీ లోకమంతా 880 కిలోబైట్ల ఫ్లాపీల్లోనే.

ఇక ప్రొట్రాకర్. మీ దేశపు కుర్రాళ్లే, అమిగా ఫ్రీలాన్సర్స్ అనే బృందం, 1990లో విడుదల చేసిన ప్రోగ్రామ్. బూడిదరంగు తెర, నాలుగు నిలువు వరసలు. చిట్టాను దిద్దే ప్రీసెట్ ఎడిటర్ కూడా ఇందులోనే ఉంది. దాన్ని తెరిచి పాత చిట్టా లోడ్ చేశావు. పద్దులు పైకీ కిందకీ జరుగుతున్నాయి. స్ట్రింగ్స్6, బాస్‌డ్రమ్2, పాప్‌స్నేర్2. వీటిని చూడకుండానే గుర్తుపడతావు, ఎందుకంటే ఐరోపాలో సగం పాటల్లో ఇవే మోగుతుంటాయి. ఇప్పుడు ఎస్‌టీ-47 పద్దులు ఒక్కొక్కటే చేర్చాలి.

పేరూ నిడివీ చేర్చడం గుమాస్తా పని, అది ఇట్టే అయిపోతుంది. పొద్దు గడిచేదంతా మిగతా అంకెల దగ్గరే.

డిస్కులో మొదటిది ఒక బృందగానం, నలుగురో ఐదుగురో కలిసి 'ఆ' అంటున్న గొంతులు. 15,000 బైట్లు. మెమరీలోకి తెచ్చి కీబోర్డు మీద జడ్ అక్షరం నొక్కావు. కింది వరస పియానో మెట్లలా పనిచేస్తుంది, జడ్ అంటే సి. 'ఆ' అని మొదలై రెండు సెకన్లు కూడా నిలవకుండా కత్తిరించినట్టు ఆగిపోయింది. లెక్క ప్రకారం అంతే మరి. సి-2 స్వరానికి ఈ యంత్రం సెకనుకు దాదాపు 8,287 బైట్లు చదువుతుంది. ఒక స్థాయి పైకి వెళ్తే రెట్టింపు వేగం, సగం ఆయుష్షు. పాటలో ఆ గొంతులు నాలుగు బార్లు నిలబడాలంటే, మధ్యలో ఒకచోటి నుంచి చివరిదాకా ఉన్న ముక్కను గానుగెద్దులా తిప్పుతూనే ఉండాలి. దాన్నే లూప్ అంటారు.

ఎక్కడి నుంచి తిప్పాలి? సుమారుగా 7,200వ బైటు దగ్గర పెట్టి చూశావు. 'ఆ... టక్... ఆ... టక్.' చివరి బైటు దగ్గర అల ఒక ఎత్తులో ఉంది, మొదలు దగ్గర ఇంకో ఎత్తులో ఉంది. రెంటి మధ్యా ఉన్న మెట్టు నుంచి స్పీకరు పొర ఒక్కసారిగా దూకడమే ఆ టక్కు. రెండేసి బైట్లు చొప్పున జరుపుకుంటూ పోవాలి, ఒక్క బైటు జరపనివ్వదు. 7,202. టక్. 7,204. టక్. 7,208 దగ్గర శబ్దం కాస్త మెత్తబడింది. 7,212 దగ్గర మళ్లీ గట్టిపడినట్టు అనిపించి చెవి మానిటరు దగ్గరికి తీసుకెళ్లావు. 7,214. గొంతులు నిలబడ్డాయి. అతుకు ఎక్కడో నీకే వినబడటం లేదు. మొదలు ముందుకు జరిగింది కాబట్టి తిప్పే పొడవు 7,786కు తగ్గింది. రెండూ కలిపితే మళ్లీ 15,000. ఆ అంకెల్ని ప్రీసెట్ ఎడిటర్‌లో హెక్సాడెసిమల్ లెక్కలోకి మార్చి రాశావు.

తర్వాతది హైహ్యాట్. మూత పెట్టిన గిన్నె మీద కొట్టినట్టు మందంగా వినబడింది. మిత్రుడు రికార్డు చెయ్యడంలోనే చెడగొట్టాడేమో అనుకోబోతూ కంప్యూటరు మీదున్న ఎర్ర దీపం వైపు చూశావు. నిండుగా వెలుగుతోంది. అమిగా 500లో ఆ దీపం కరెంటు సంగతే కాదు, ఫిల్టరు సంగతి కూడా చెబుతుంది. ఫిల్టరు పనిచేస్తుంటే దీపం నిండుగా ఉంటుంది, పై స్వరాలు కోతపడతాయి. ఫిల్టరు తీసేశావు. దీపం మసకబారింది, హైహ్యాట్ సర్రున తేటగా వచ్చింది. వెనకాలే సన్నటి ఇసుక రాలినట్టు గరగర కూడా వచ్చింది. ఎనిమిది బిట్ల ధ్వనికి అది తప్పదు. ఎక్కువలో ఎక్కువ 64 ఉండే వాల్యూమ్‌ను 40కి తగ్గిస్తే గరగర డ్రమ్ముల వెనక దాగిపోతుంది. ఆ నలభయ్యే పద్దులోకెక్కింది.

ఫ్లూట్ అని పేరు పెట్టినది నిజానికి సింథసైజర్ చప్పుడు. పేరు మార్చాలనిపించి ఆగావు. డిస్కు మీద ఫైలు పేరూ చిట్టాలో పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి, లేకపోతే దొరకదు. ఆర్గన్ విన్న వెంటనే తెలిసిపోయింది, నీ ఎస్‌టీ-31లో ఉన్నదే. ఎవరి ద్వారానో తిరిగి తిరిగి మళ్లీ నీ ఇంటికే చేరింది. దాన్ని చేర్చలేదు. ఒకే ధ్వనికి రెండు పద్దులుంటే రేపు ఏదో ఒకదాని లూప్ మాత్రమే దిద్ది రెండోది మరిచిపోతావు. స్నేర్3 మాత్రం బాగుంది, నీ స్నేర్3 కన్నా కండ ఉంది. పేరు ముందు ఎస్‌టీ-47 అని ఉన్నంతసేపూ ఇక పేచీ లేదు.

అమ్మ భోజనానికి పిలిచింది. ఇంకొక్కటి అన్నావు. అది మూడోసారి అనడం అని ఆవిడే చెప్పింది.

తిని వచ్చాక పద్దుల్ని అక్షర క్రమంలో పేర్చి, చిట్టాను సేవ్ చేశావు. డ్రైవు దీపం ఆరేదాకా చెయ్యి డిస్కు మీద వెయ్యలేదు. ఇప్పుడు ఎస్‌టీ-47 అని నంబరు ఇస్తే ఆ డిస్కు పద్దులే తెర మీదికొస్తాయి. బృందగానం మీద నొక్కితే 7,214 నుంచి తిరగడానికి సిద్ధంగా వస్తుంది, హైహ్యాట్ 40 వాల్యూమ్‌తో వస్తుంది. మిత్రుడు పంపినవి ఉత్త శబ్దాలు. నువ్వు చిట్టాలో వేసినవి తీర్పులు: ఏది ఎంత గట్టిగా మోగాలి, ఏది ఎక్కడ తిరగాలి, ఏది అసలు అక్కర్లేదు. డిస్కులు ఎవరి దగ్గరైనా ఉంటాయి, ఈ 30 బైట్ల పద్దులు మాత్రం నీ చెవి రాసినవి.

ఆ కొత్త గొంతులు వేసి ఒక పాట మొదలుపెట్టావు. రెండు ధ్వనులు ఎడమ స్పీకరులో, రెండు కుడి స్పీకరులో. యంత్రంలోని పౌలా చిప్పుకు ఉన్నవి నాలుగే దారులు, అందుకే దేనికేదో పొదుపుగా పంచాలి. రాత్రి పదకొండుకు పాట ఒక కొలిక్కి వచ్చింది. సేవ్ చెయ్యబోతే రెండు దారులున్నాయి. 'సాంగ్' అని సేవ్ చేస్తే స్వరాలూ శాంపిళ్ల పేర్లూ మాత్రమే వెళ్తాయి, ఫైలు చిన్నది. 'మాడ్యూల్' అయితే ధ్వనులు కూడా లోపలే ఉంటాయి, ఫైలు ఎన్నో రెట్లు పెద్దది. ఇన్నాళ్లూ చోటు కలిసొస్తుందని సాంగ్‌గానే పంపుతూ వచ్చావు, అవతలివాడి దగ్గర ఆ డిస్కులుంటాయిలే అన్న ధీమాతో. ఇవాళ సాయంత్రమంతా చూసింది చాలు. అతని పన్నెండు నీ పన్నెండు కానప్పుడు, నీ నలభై ఏడు అతనికి ఏమవుతుందో ఎవరు చెప్పొచ్చారు?

మాడ్యూల్ అని నొక్కావు. పాటతోపాటు గొంతులూ, 7,214 అన్న అంకే, నలభై అన్న వాల్యూమూ ఫైలులోకి వెళ్లాయి. ఇక దీన్ని ఎవరు తెరిచినా శాంపిళ్ల జాబితాలో 'ఎస్‌టీ-47:' అన్న పేర్లు కనబడతాయి, ఆ డిస్కు వాళ్ల దగ్గర లేకపోయినా సరే. గొంతులు నచ్చినవాడు వాటిని మాడ్యూల్‌లోంచి బయటికి తీసుకుంటాడు, అడగడు కూడా. తన డిస్కు మీద ఎక్కించుకుని, తన నంబరు వేసుకుని, తన చిట్టాలో పద్దు రాసుకుంటాడు. లూప్ అంకెలు మాత్రం నీవే దించుకుంటాడు. మళ్లీ చెవి పెట్టి వెతకాల్సిన పని అతనికి ఉండదు.