విశాఖలో తేలిన అర అంగుళం

విశాఖపట్నం నుంచి గన్నవరం విమానాశ్రయానికి రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు. ఆకాశంలో తిన్నగా గీత గీస్తే దాదాపు 290. ఆ గీత కింద కొండలున్నాయి, గోదావరి ఉంది. ఎవరూ నడిచి కొలవలేని ఈ దూరాలు మనిషికి ఎలా చిక్కాయి?

1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ పనికి పూనుకున్నాడు. నేల మీద ఆధార రేఖ అనే ఒక్క గీతను అతి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు చివరల నుంచీ దూరపు కొండ మీది జెండాను చూసి కోణాలు తీస్తే, త్రిభుజంలోని తక్కిన భుజాలు లెక్కలోనే తేలతాయి. ఆ భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి!

లెక్క సులువే, పని కాదు. కోణాలు కొలిచే అర టన్ను బరువైన థియొడలైటు ఇంగ్లండు నుంచి వస్తూ దారిలో ఫ్రెంచివారికి చిక్కింది. అదృష్టవశాత్తు వాళ్లే మర్యాదగా తిరిగి పంపారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుంటే అది గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తానే బాగుచేసుకున్నాడు. 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో లాంబ్టన్ సహాయకుడు జార్జి ఎవరెస్టు బృందాన్ని విషజ్వరం పడగొట్టింది. కొందరు మళ్లీ ఇల్లు చేరలేదు.

అంతకన్నా మొండి శత్రువు ఎండ. వేడికి లోహం సాగుతుంది, కొలత తప్పుతుంది. ఒక త్రిభుజంలో దొర్లిన తప్పు తరువాతి వాటన్నిటికీ పాకుతుంది. దీనికి థామస్ కోల్బీ ఉపాయం కనిపెట్టాడు. పక్కపక్కనే ఇత్తడి కడ్డీ, ఇనుప కడ్డీ. రెండూ వేర్వేరుగా సాగినా, వాటి చివరల అమర్చిన గుర్తుల మధ్య దూరం మాత్రం మారదు. ఆ కడ్డీలతోనే 1831-32లో కలకత్తాలో ఒక ఆధార రేఖను కొలిచారు.

అక్కడి నుంచి త్రిభుజాల గొలుసు తూర్పు తీరం వెంబడి, దట్టమైన అడవుల గుండా సుమారు 770 కిలోమీటర్లు సాగి విశాఖకు చేరింది. ఇన్నేళ్ల శ్రమ సరైనదేనని చెప్పేదెవరు? నేలే చెప్పాలి. 1862లో కెప్టెన్ బసేవి విశాఖ దగ్గర పదిన్నర కిలోమీటర్ల గీతను కొత్తగా కొలిపించాడు. ఆ కొలతను, కలకత్తా నుంచి లెక్కగట్టుకుంటూ వచ్చిన పొడవు పక్కన పెట్టి చూశారు. తేడా అర అంగుళం!

బసేవి అక్కడితో ఆగలేదు. లోలకంతో భూమ్యాకర్షణను కొలుస్తూ 1871లో లద్దాఖ్ చలిలో ప్రాణం విడిచాడు.

ఇవాళ ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశ రేఖాంశాలున్నాయి. భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుంటే దూరం క్షణంలో వస్తుంది. ప్రయాణానికి పట్టే కాలం మాత్రం అంత తేలిగ్గా లొంగదు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి 290 కిలోమీటర్లు ముప్పై అయిదు నిమిషాల పని. కానీ రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగేముందు తిరగడం కలిపి గంట వేసుకోవాలి. ఎదురుగాలి వీస్తే ఇంకొంచెం ఎక్కువే.

ఇప్పుడు కొలిచేవి ఉపగ్రహాలు. అయినా తాము కొలిచినదాన్ని తామే పరీక్షకు నిలబెట్టిన ఆ నిజాయితీ మీదే శాస్త్రం నేటికీ నడుస్తోంది. జెండాలు మోసి, అడవులు నరికి, జ్వరాలకు బలైన ఖలాసీలకూ ఆ అర అంగుళం ఘనతలో సమాన వాటా ఉంది.