గొబ్బెమ్మ

గొబ్బెమ్మ అనేది ధనుర్మాసంలో తెలుగు లోగిళ్ల ముందు, ముగ్గు మధ్యలో ఉంచే ఆవుపేడ ముద్ద. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలయ్యే ఈ నెల జనవరి 14 లేదా 15న వచ్చే సంక్రాంతితో ముగుస్తుంది.

తయారీకి ఖర్చు దాదాపు ఉండదు. తాజా పేడను అరచేతుల మధ్య గుండ్రంగా చేసి, అడుగు చదునుగా ఒత్తి నిలబెడతారు. పైన పసుపు, కుంకుమ, బియ్యప్పిండి చల్లి గరిక గుచ్చుతారు. నడినెత్తిన గుమ్మడి పువ్వు పెట్టడం ప్రసిద్ధం. అది దొరకనిచోట బంతి, చేమంతి సరిపోతాయి. పేడ తడిగా ఉన్నప్పుడే పువ్వు కాడ గుచ్చాలి, ఆరితే నిలవదు. పెద్ద ముద్దను గౌరమ్మగానో గోదాదేవిగానో, చుట్టూ ఉన్న చిన్నవాటిని గోపికలుగా భావిస్తారు.

సాయంత్రం ఆడపిల్లలు వీటి చుట్టూ తిరుగుతూ గొబ్బి పాటలు పాడతారు. తాళ్లపాక అన్నమాచార్య (1408–1503) కీర్తనల్లోనూ గొబ్బి పాటలున్నాయి కాబట్టి, ఈ ఆటపాటల వాడుక కనీసం 15వ శతాబ్దం నాటిది.

ఈ అలంకరణలో వ్యర్థమయ్యేది లేదు. వాడిన గొబ్బెమ్మలను గోడకు కొట్టి పిడకలుగా ఎండబెడతారు. నడుమ చిల్లుపెట్టి చేసిన చిన్న పిడకలను దండగా గుచ్చి భోగిమంటలో వేస్తారు. మిగిలినవి మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి నాడు, సూర్యుడికి నివేదించే పరమాన్నం వండే పొయ్యిలోకి వెళ్తాయి.